ముందు శాలువాలు

హనుమకొండలో మొన్న ఒక కాలేజీ పిల్లలు బొమ్మల ప్రదర్శన పెట్టారు. కళ, సంస్కృతి, మానసిక ఆరోగ్యం అని పేరు. బొమ్మలు ఎంచిందీ వాళ్లే, మేకులు కొట్టిందీ వాళ్లే, ఒక్కో బొమ్మ కింద నాలుగు ముక్కలు రాసి అంటించిందీ వాళ్లే. పెద్దల ప్రమేయం లేకుండా ఇంత పని జరిగిపోతే ఊరికి ఎంత అప్రతిష్ఠ! అందుకే పెద్దలు వచ్చారు.

పదిన్నరకు అన్నది పన్నెండు దాటాక మొదలైంది. జ్యోతికి ఐదు వత్తులు, వేదిక మీద పదకొండు మంది. వెలిగించిన వత్తి ఫ్యాన్ గాలికి ఆరింది. ఫ్యాన్ ఆపితే అతిథులకు చెమటలు. వేస్తే మళ్లీ వత్తి ఆరింది. ఆపైన శాలువాలు. అవి పదే తెచ్చారట. మొదటాయనకు కప్పినదాన్నే చాటుగా మడతపెట్టి తెచ్చి పదకొండో ఆయనకు కప్పారు. పదకొండో ఆయనకు తెలియలేదు, మొదటాయన చూశాడు. ఆ రోజు హాల్లో మానసిక క్షోభ అంటే ఏమిటో ఆయన ముఖంలోనే మొదట కనిపించింది.

ప్రసంగాలు కాకతీయుల దగ్గర మొదలుకావాలి, అది మా జిల్లా రూలు. వేయిస్తంభాల గుడి అయింది, 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు అయింది. "ఆ శిల్పులు డిప్రెషన్ అంటూ కూర్చుంటే రామప్ప లేచేదా?" అన్నారు ముఖ్య అతిథి. చప్పట్లు. ఆ శిల్పులకు బ్యాక్‌లాగులు లేవు కదా సార్ అని అడిగినవాడు లేడు.

ఇక బొమ్మలు. ఒకమ్మాయి చేర్యాల నకాషీ పద్ధతిలో, ఎర్రటి నేల మీద పటం గీసింది. అలాంటి పటాల్లో గడులు గడులుగా గీసే కులపురాణం ఇందులో లేదు, హాస్టల్ పిల్ల కథ ఉంది. ఐదింటికి లేవడం, స్టడీ అవర్, స్లిప్ టెస్ట్, నోటీసు బోర్డు మీద ర్యాంకు, ఆదివారం ఇంటికి ఫోను. ఆఖరి గడిలో బొమ్మ లేదు, ఉత్త ఎరుపు. అతిథిగారు ఆగారు.

"ఇందులో దేవుడేడమ్మా?"

"లేడు సార్."

"ఇగో, ఇక్కడ జాగా ఖాళీగనే ఉన్నది కదా, వెయ్యి" అని, ఆ ఎర్ర గడికి వీపు పెట్టి ఫొటో దిగారు. ప్రదర్శన మొత్తం చూడటానికి పట్టింది నాలుగు నిమిషాలు.

ఒక్క సంగతి మాత్రం నవ్వుతూ రాయలేను. గుమ్మం పక్క గోడ మీద పిల్లలు పెద్ద అంకెలతో 14416 అని రాశారు. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. సరిగ్గా దాని మీదే అతిథుల ఫ్లెక్సీ కట్టారు! 2019లో ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజుల్లో 20 మందికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్న రాష్ట్రమయ్యా ఇది. ఆ ఫలితాల్లో తప్పులున్నాయని తర్వాత తేలింది కూడా. మీ మొహాలు కట్టుకోవడానికి ఇంకో గోడ దొరకలేదా? కాలేజీలో కౌన్సెలింగ్ గది అడిగితే విరిగిన బెంచీలున్న గది చూపిస్తారు. సిగ్గుండాలి.

సాయంత్రం పిల్లలు స్టూలు వేసుకుని ఫ్లెక్సీని అడ్డంగా కోశారు. నంబరు బయటపడింది. కాకపోతే కత్తెర ముఖ్య అతిథిగారి మెడ దగ్గర పడింది.

మర్నాడు పొద్దున్నే మెమో వచ్చింది.