మహారాజశ్రీ అరగంట గారికి

మహారాజశ్రీ అరగంట గారి సముఖానికి, బెంగళూరు మారతహళ్ళిలో ఒక ఇరుకు సందులో అద్దెకుంటున్న కుటుంబం నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమసమాచారాలు మాత్రం కార్ల వైపర్ల కింద దూర్చి వెళ్ళే ప్రతి రియల్ ఎస్టేట్ కరపత్రంలోనూ తెలుస్తూనే ఉన్నాయి.

నగరానికి కొంచెం ఎడంగా, ఆఫీసుకి మరీ ఎడం కాకుండా, నాలుగు చెట్లు, ఒక చెరువు, పొద్దున్నే కోడికూత ఉన్న పల్లె ఏదైనా చూసుకుందామని మా ఇంట్లో తీర్మానం అయింది. ఆనాటి నుంచీ తమరిని ముఖాముఖి కలుద్దామని తిరుగుతున్నాం. సర్జాపుర దాటినా, హొసకోటె దాటినా, దేవనహళ్ళి పక్కకి పోయినా, ఆనేకల్ వైపు మళ్ళినా మాకంటే ముందే తమరు అక్కడికి చేరుకుని ఉంటున్నారు. "ఇక్కణ్ణుంచి ఆఫీసుకి ఎంతసేపండీ?" అని అడగడం ఆలస్యం, "అరగంట సార్" అంటాడు బ్రోకరు. దొమ్మసంద్ర నుంచి అరగంట. మాలూరు నుంచి అరగంట. హోసూరు నుంచి, అంటే సాక్షాత్తూ తమిళనాడు నుంచి, అదీ అరగంటే. రాష్ట్ర సరిహద్దులు కూడా తమరిని ఏమీ చేయలేకపోయాయి.

లోకంలోని నగరాల ట్రాఫిక్కుని కొలిచే టామ్‌టామ్ అనే సంస్థ ఒకటుంది. వాళ్ళ 2024 లెక్కలో బెంగళూరు నడిబొడ్డున పది కిలోమీటర్లు వెళ్ళడానికి సగటున 34 నిమిషాలు పట్టింది. అంటే తమరి యావదాస్తి తొమ్మిది కిలోమీటర్లకి లోపే. ఆ నడిబొడ్డున ఉన్న మెజెస్టిక్‌లో బయల్దేరితే తమరు అయిపోయేసరికి మేమింకా మారతహళ్ళి మొహం కూడా చూడం, ఇక పల్లె సంగతి చెప్పేదేముంది. ఈ ఊరికి నాలుగు దిక్కులా కెంపేగౌడల కాలపు గోపురాలున్నాయి, ఒకటి లాల్‌బాగ్ బండ మీద ఇప్పటికీ చూడొచ్చు. నగరం ఎప్పటికైనా ఇంతవరకే పెరుగుతుందని గుర్తుగా కట్టించారని చెప్పుకుంటారు. ఆ రోజుల్లో గుర్రమెక్కితే తమరు నిజంగానే దొరికేవారేమో. ఇప్పుడా గోపురాల దగ్గర దొరికేది పార్కింగ్ గొడవే.

తమరి దర్శన వేళలు కూడా మాకు అర్థమయ్యాయి. ఆదివారం ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు. సైటు చూపించడానికి ఏ బ్రోకరూ మంగళవారం సాయంత్రం ఆరింటికి రమ్మనడు. "ఆదివారం పొద్దున్నే వచ్చేయండి సార్, చల్లగా ఉంటుంది, దారిలో ఇడ్లీ తిందాం" అంటాడు. ఆ వేళప్పుడు అవుటర్ రింగ్ రోడ్డు మీద కుక్కలు కూడా తీరిగ్గా రోడ్డు దాటుతుంటాయి. సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర మనం ఆగకుండా వెళ్ళిపోతుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు అనిపిస్తుంది. కారులో మా ఆవిడ, పిల్లాడు, ఊరి నుంచి వచ్చిన మా మామగారు అందరూ ఒక్కసారే గడియారం చూసుకుంటారు. "చూశారా, అరగంటే!" అంటాడు ముందు సీట్లోంచి బ్రోకరు, తమరిని తనే పెంచి పెద్ద చేసినట్టు.

ఆఫీసుకి అరగంట అంటే సరే, ఆఫీసనేది ఒకటి ఉంది. లేని వాటికి కూడా తమరు దూరం చెప్పేస్తున్నారు. రాబోయే మెట్రో స్టేషనుకి అరగంట. రాబోయే ఇంటర్నేషనల్ స్కూలుకి అరగంట. రాబోయే రింగు రోడ్డుకి అరగంట. పెరిఫెరల్ రింగ్ రోడ్డు అని ఒకటుంది, దానికి భూసేకరణ నోటిఫికేషన్ 2007లోనే వచ్చింది. వాహనాలు ఇంకా రాలేదు. ఈమధ్య దాని పేరు మాత్రం బెంగళూరు బిజినెస్ కారిడార్ అని మార్చారు. రోడ్డు పడకముందే పేరు పాతబడిపోయిన రోడ్డుకి తమరు ఎలా అరగంట అయ్యారో ఇంజనీర్లు కూడా చెప్పలేరు.

తెలుగువాళ్ళ దగ్గర తమరి పని ఇంకా సులువు. కోలారు, చింతామణి, బాగేపల్లి, మాలూరు, హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడేవాళ్ళు బోలెడంతమంది. యోగి కైవార తాతయ్య తత్వాలు అక్కడ తెలుగులోనే పాడుకుంటారు. ఈ సంగతి ప్రతి బ్రోకరుకీ తెలుసు. మనం కారు దిగగానే "రాండి రాండి, మీరూ మనోళ్ళేనా? ఏవూరు మీది?" అంటాడు. కదిరి అనగానే మా మామగారి కళ్ళు చెమరుస్తాయి. ఇక ఆయనకి పట్టా, పహణి ఏవీ అక్కర్లేదు. మనవాడు చెప్పాక అరగంట అంటే అరగంటే.

అలాంటి ఒక ఆదివారమే, మాలూరు పక్కన ఒక ఊళ్ళో రావిచెట్టు కట్ట మీద ఒక పెద్దాయన కూర్చుని కనిపించాడు. బ్రోకరు ఫోను మాట్లాడుతూ దూరంగా వెళ్ళినప్పుడు, "పెద్దాయనా, ఇక్కణ్ణుంచి బెంగళూరు ఎంత దూరం?" అని అడిగాను.

"ఏ పొద్దులో సామీ?" అన్నాడు.

"అంటే?"

"పొద్దున బండి దొరికితే ఒగ దూరం. తప్పిపోతే ఇంగో దూరం. సందేళకి వానొస్తే అదింగో దూరం. మీరు ఆదివారం వచ్చిండారు కదా, మీకు దగ్గిరే."

అరగంట గారూ, తమరి జాతకం మొత్తం ఆ నాలుగు ముక్కల్లో ఉంది. ఇంతలో బ్రోకరు వచ్చి, ఆయనకి మతి సరిగా ఉండదని మాకు చెవిలో చెప్పాడు.

కాగితాల గురించి తమరికి రాయడం అనవసరం, అవి తమరి శాఖ కాదు. ఒక్క మాట మాత్రం. కర్ణాటకలో 2020 దాకా వ్యవసాయదారు కానివాడు పొలం కొనడానికి వీల్లేదు. చట్టం సవరించాక సాఫ్ట్‌వేర్ వాళ్ళంతా రాత్రికి రాత్రి రైతులమైపోయాం. గజాల లెక్కన పొలం, నెలవారీ మెయింటెనెన్సుతో మామిడిచెట్టు, వారాంతంలో ఆవుకి గడ్డి తినిపించే సౌకర్యం. పొలం పొలంలా ఉంచితే మనకి నచ్చినట్టు ఇల్లు కట్టుకోకూడదు, కట్టుకోవాలంటే డీసీ కన్వర్షన్, అంటే పొలాన్ని ఇళ్ళస్థలంగా మార్చే అనుమతి, కావాలి, కన్వర్షన్ ఎప్పుడవుతుందంటే మళ్ళీ తమరి పేరే చెప్తారు. "ఫైలు టేబుల్ మీదే ఉంది సార్, అరగంట పని."

నీళ్ళ దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. ఇక్కడ పక్కన పారే జీవనది లేదు. కోలారు వైపు బోరు వెయ్యి అడుగులు దాటినా దుమ్మే వచ్చిన కథలు ప్రతి ఊళ్ళోనూ వినిపిస్తాయి. దూరం నుంచి అడవిలా కనిపించి మా ఆవిడ మురిసిపోయిన పచ్చదనం దగ్గరికెళితే నీలగిరి తోట. భూమిలో నీటిని లాగేస్తోందని ప్రభుత్వం 2017లో కొత్తగా నాటకుండా నిషేధించిన చెట్టు అది. కరపత్రంలో దాని పేరు "ఫారెస్ట్ వ్యూ". ఇక చెరువులు. కోలారు వైపు కొన్ని చెరువులు ఇప్పుడు నిండుగా ఉన్నాయి. వాన పడిందని కాదు. 2018 నుంచి కోరమంగళ, చల్లఘట్ట లోయ మురుగుని శుద్ధి చేసి గొట్టాల్లో అక్కడికి పంపుతున్నారు. అంటే నగరంలో మేం వదిలిన నీళ్ళే మాకంటే ముందుగా పల్లె చేరి కాపురం పెట్టాయి. సిగ్నళ్ళు లేని దారి దొరికింది వాటికొక్కదానికే. ఆ గట్టు మీద నిలబడి మా మామగారు "ఎంత ప్రశాంతంగా ఉందో" అన్నారు. మేమెవరం ఏమీ చెప్పలేదు.

చెరువు నిండితే బోర్లు కాస్త ఊరుతాయి, రైతులకి మేలే, దానికి నేనేమీ అనను. అయినా మాకు చూపించిన ఇంటికి మాత్రం నీళ్ళు వచ్చేది ట్యాంకరులోనే. ట్యాంకరు ఎప్పుడొస్తుందంటే, తమరికి తెలియంది కాదు, అరగంటలో. 2024 ఎండాకాలంలో బెంగళూరులో ట్యాంకర్ల ధరలు జిల్లా యంత్రాంగమే ఖరారు చేయాల్సి వచ్చింది. ఆ రోజుల్లో తమరు ఒక్కోసారి ఉదయం బయల్దేరి మర్నాటికి వచ్చేవారు.

అప్పుడే మాకు తెలిసింది తమరికి పక్క ఉద్యోగాలు కూడా చాలా ఉన్నాయని. కరెంటు పోతే లైన్‌మన్ అరగంటలో వస్తాడు. నెట్ పోతే అరగంటలో వస్తుంది. గ్యాస్ బండి అరగంటలో. మా ఆవిడ ఒక ఆదివారం సైటు మధ్యలో కొంగు దోపుకుని నిలబడి బ్రోకరుని వరసపెట్టి అడిగింది. "ఆయన ఆఫీసు దూరం చెప్పావు, బాగుంది. పిల్లాడి స్కూలు బస్సు ఎక్కడ ఆగుతుంది? ఎన్నింటికి వస్తుంది? రాత్రి రెండింటికి వాడికి జ్వరం వస్తే ఎక్కడికి తీసుకెళ్ళాలి? కరివేపాకు అయిపోతే?" బ్రోకరు దేనికీ తడబడలేదు. అన్నింటికీ తమరినే చూపించాడు. స్కూలు అరగంట, ఆసుపత్రి అరగంట, కరివేపాకు అరగంట. "అయితే ఒక్క జ్వరానికి, ఒక్క పోపుకి రోజులో రెండు గంటలు అయిపోయాయి" అని మా ఆవిడ కారెక్కింది. మొత్తం వెతుకులాటలో ఇంత సూటిగా లెక్క వేసినవాళ్ళు మరొకరు లేరు.

మా సహోద్యోగి ఒకతను 2021లో, ఆఫీసులన్నీ ఇంట్లోనే ఉన్న రోజుల్లో, నంది కొండ కనిపించేలా ఇల్లు తీసుకున్నాడు. అప్పుడు అరగంట కూడా దండగే, మంచం నుంచి బల్లకి రెండడుగులు. ఆ తర్వాత కంపెనీ వారానికి మూడు రోజులు రమ్మంది. ఇప్పుడతను కొండని చూసేది చీకట్లోనే. పోయేటప్పుడూ చీకటే, వచ్చేటప్పుడూ చీకటే. అక్కడ కొండ ఉందని వాట్సాప్ స్టేటస్ వల్లే గుర్తుంటోందట.

ఒకవేళ ఏదో ఒక పల్లెలో తమరు నిజంగానే దొరికారనుకుందాం. అప్పుడు మాత్రం సుఖమా? మాకు దొరికారంటే ఇంకో పదివేలమందికీ దొరుకుతారు. 2007లో చుట్టూ ఉన్న 110 పల్లెల్ని నగరపాలికలో కలిపారు. అక్కడ కూడా ముందు వచ్చినవాళ్ళంతా చెట్లు, చెరువు, ప్రశాంతత చూసే వచ్చారు. ఆ పల్లెల కోసమని తలపెట్టిన కావేరి ఐదో దశ నీళ్ళు 2024 అక్టోబరులో ప్రారంభమయ్యాయి. 2025లో ఆ పాలికెనే ఐదు ముక్కలు చేశారు. పల్లె నగరమైంది, నగరం ఐదైంది, ఈలోగా ఎన్ని కుటుంబాలు గొట్టం వైపు చూస్తూ ట్యాంకరు వాడికి ఫోను చేశాయో. ఇంకో విశేషం, ఏ పల్లెకి వెళ్దామన్నా ఆ ఊరివాళ్ళని ఎవరూ అడగరు. దేవనహళ్ళి తాలూకా చన్నరాయపట్టణ రైతులు మాత్రం ప్రభుత్వం అడిగిన తమ 1,777 ఎకరాలు ఇవ్వబోమని మూడేళ్ళకి పైగా ధర్నాలో కూర్చున్నారు. 2025 జులైలో ప్రభుత్వం ఆ సేకరణని విరమించుకుంది. విమానాశ్రయం పక్కనే ఉండి, తమరిని ఇంటి ముందే పెట్టుకుని కూడా వద్దన్నవాళ్ళని నేను వాళ్ళనే చూశాను.

చివరికి దూరం సంగతి తెలిసినవాళ్ళు మాకు రైల్లో దొరికారు. కేజీఎఫ్ బంగారు గనులు 2001లో మూతపడ్డాక అక్కడివాళ్ళు రోజూ రైల్లో బెంగళూరుకి పనికి వచ్చిపోతున్నారు. బంగారుపేటలో, మాలూరులో ఎక్కేవాళ్ళు వేరే. హిందూపురం వైపు నుంచి కూడా చీకటితో బయల్దేరేవాళ్ళున్నారు. వాళ్ళెవరూ ఇంటికి చెట్లు ఎన్నని చూడలేదు, స్టేషనుకి అడుగులు ఎన్నని చూశారు. ఒకామె నిలబడే బీన్స్ తుంచుతోంది, ఇంకొకతను నిలబడే నిద్రపోతున్నాడు. "ఎంతసేపు పడుతుంది?" అంటే ఎవరూ అరగంట అనలేదు. సీజన్ టికెట్ తీసి చూపించి, "ఇందులో కూర్చునే చోటు రాయలేదు చూడన్నా" అన్నాడు ఒకతను.

కాబట్టి తమరితో మా సంబంధం ఇంతటితో చాలనుకుంటున్నాం. మాలూరులో స్టేషనుకి నడిచిపోయేంత దగ్గర్లో ఒక ఇల్లు అద్దెకి చూశాం. పక్కన ఇటుక బట్టీ, ఎదురుగా పెంకుల గోదాము, చెరువు లేదు, కోడి ఉంది గానీ అది తెల్లవారుజామున మూడింటికే కూస్తుంది. ఇంటావిడ తెలుగులోనే మాట్లాడింది, అయినా మా మామగారిని ఈసారి ఆటోలోనే కూర్చోబెట్టాం. ఆఫీసుకి ఎంతసేపమ్మా అంటే, "రైలు, ఆ తర్వాత మెట్రో, అంతా కలిపి రెండు గంటలనుకోండి, లేటయితే నన్ను తిట్టొద్దు" అంది. అడ్వాన్సు ఇచ్చేద్దామనుకుంటున్నాం. ఆ రెండు గంటల వారు తమరి వైపు బంధువులైతే మాత్రం దయచేసి ముందే తెలియజేయగలరు.

ఇట్లు,
తమరి కోసం తిరిగి తిరిగి పెట్రోలు అయిపోయిన
ఒక మారతహళ్ళి అద్దెదారు

తా.క. మీ బ్రోకరు నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు. చింతామణి దాటాక కొత్త లేఅవుట్ వేశారట, విమానాశ్రయానికి అరగంటేనట. "విమానంలోనా?" అని అడిగాను. కనుక్కుని చెప్తానన్నాడు.