ఒక్క కర్ర మీద ఎన్నాళ్లు?

2025 జూన్ 22, ఆదివారం ఆంట్వెర్ప్‌లో మన పురుషుల హాకీ జట్టు బెల్జియంపై 4-3తో గెలిచింది. వరుసగా ఏడు ఓటముల తర్వాత, మ్యాచ్ ఆఖరి నిమిషాల్లో చేతికందిన గెలుపు ఇది. ఆ గెలుపు గోల్ కొట్టింది ఎవరు? మళ్లీ కెప్టెన్ హర్మన్‌ప్రీతే. సంతోషించాల్సిన చోట భయం వేస్తున్నది అందుకే.

దేశాల మధ్య జరిగే ప్రొ లీగ్‌లో, భువనేశ్వర్‌లో ఆడిన ఎనిమిది మ్యాచ్‌ల్లో 15 పాయింట్లు తెచ్చుకున్న జట్టు, యూరప్‌లో ఆడిన ఎనిమిదింటిలో 3 పాయింట్లతో తిరిగొచ్చింది. ఓడిన ఏడింటిలో ఆరు ఒక్క గోల్ తేడాతో పోయినవే. నెదర్లాండ్స్‌తో 1-2, 2-3. అర్జెంటీనాతో 3-4, 1-2. ఆస్ట్రేలియాతో రెండుసార్లూ 2-3. బలమైన జట్లతో చివరిదాకా పోరాడాం కదా, కంగారెందుకు అనేవాళ్లు ఉన్నారు. పోరాటాన్ని మేమూ కాదనడం లేదు. కానీ ఒక్క గోల్ తేడాతో ఆరుసార్లు ఓడిన జట్టుకు కావలసింది ఆ ఒక్క గోల్ కొట్టే రెండో మనిషి. అతను ఎక్కడున్నాడు?

టోక్యో ఒలింపిక్స్‌లో మనవాళ్లు 25 గోల్స్ కొట్టారు. అందులో హర్మన్‌ప్రీత్‌వి 6, రూపిందర్‌పాల్‌వి 4. మొత్తం 11 మంది స్కోర్ చేశారు. మూడేళ్లు తిరిగేసరికి పారిస్‌లో మన గోల్స్ 15. అందులో 10 హర్మన్‌ప్రీత్‌వే. స్కోర్ చేసినవాళ్లు అతనితో కలిపి ఐదుగురు. కాంస్యం కోసం స్పెయిన్‌తో ఆడిన మ్యాచ్‌లో మన రెండు గోల్సూ అతనివే. రెండుసార్లూ కాంస్యమే కాబట్టి ఈ తేడా ఎవరికీ పట్టలేదు. హర్మన్‌ప్రీత్ డిఫెండర్ అన్న సంగతి కూడా మరిచిపోయాం. పారిస్‌లో ఐదుగురు ఫార్వర్డ్‌లు కలిసి ఎనిమిది మ్యాచ్‌ల్లో కొట్టింది 4 గోల్స్. గోల్ కాపాడాల్సినవాడే గోల్ కొట్టాలి, కెప్టెన్సీ కూడా అతనే మోయాలి. ఒక్క మనిషి మీద ఇంత బరువా?

పెనాల్టీ కార్నర్ (గోల్ ముందున్న అర్ధవృత్తం 'డి'లో అవతలివాళ్లు తప్పు చేస్తే దక్కే గోల్ అవకాశం) దొరికినప్పుడు టీవీలో ఓసారి గమనించండి. అవతలి గోల్‌కీపర్, నలుగురు డిఫెండర్లు గీత వెనక నిలబడి మాస్కులు సర్దుకుంటారు. బంతి కదలగానే మొదటివాడు నేరుగా హర్మన్‌ప్రీత్ మీదికే ఉరుకుతాడు. కొట్టేది అతనేనని అందరికీ తెలుసు. అతను ఊపిరి తీసుకోవడానికి బెంచి మీద కూర్చున్నప్పుడు కార్నర్ వచ్చిందా, అవతలివాళ్లకు సగం టెన్షన్ తీరినట్టే.

ఒక్కడి మీద ఆధారపడితే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. 2003లో నాటి డ్రాగ్‌ఫ్లికర్ (కార్నర్‌లో బంతిని కర్రతో లాగి గోల్‌లోకి విసిరేవాడు) జుగ్‌రాజ్ సింగ్ కారు ప్రమాదంలో గాయపడ్డాడు. మరుసటి ఏడాది ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఏడో స్థానంతో సరిపెట్టుకున్నాం. 2006లో ప్రపంచకప్‌కు బయల్దేరబోతుండగా రైల్లో సందీప్ సింగ్‌కు తూటా తగిలింది. ఆ ప్రపంచకప్‌లో 12 జట్లలో మనది 11వ స్థానం. ఓటమికి అదొక్కటే కారణం అనం. కానీ ఫ్లికర్ మంచాన పడ్డాక వెతుక్కోవడం ఎలా ఉంటుందో రెండుసార్లు చూశాం. మూడోసారి చూడాలా? 2024 పారిస్‌లోనే డిఫెండర్ రోహిదాస్‌కు రెడ్ కార్డు పడితే 15 మందితో సెమీస్ ఆడి జర్మనీ చేతిలో 2-3తో ఓడాం. ఒలింపిక్స్ జట్టు అంటే 16 మందే. అందులో ఒక్కడు తగ్గినా వేరేవాడు ఆ పని చేయగలగాలి.

మనుషులు లేరా అంటే ఉన్నారు. 2025 ఫిబ్రవరిలో హాకీ ఇండియా లీగ్ ఫైనల్‌లో మన హైదరాబాద్ తూఫాన్స్‌పై హ్యాట్రిక్ కొట్టి, 12 గోల్స్‌తో టోర్నీ టాప్ స్కోరర్‌గా నిలిచింది మరో జుగ్‌రాజ్ సింగ్. అప్పటి జుగ్‌రాజ్‌కూ ఇతనికీ పేరు, పని తప్ప సంబంధం లేదు. బెల్జియంపై గెలిచిన ఆ ఆదివారం రోహిదాస్, సుఖ్‌జీత్ కూడా గోల్స్ కొట్టారు. హర్మన్‌ప్రీత్ మైదానంలో ఉన్నప్పుడు కూడా మూడు కార్నర్లలో ఒకటి వేరేవాడికి ఇస్తే తప్ప వీళ్లకు పెద్ద మ్యాచ్ అలవాటు కాదు. అతనికి గాయమైన రోజున హఠాత్తుగా కర్ర చేతికిచ్చి కొట్టమంటే ఎవడు మాత్రం కొడతాడు? ఫార్వర్డ్‌ల సంగతీ అంతే. 'డి'లోకి దూరి కార్నర్ సంపాదించి రావడమే తమ పని అన్నట్టు ఆడుతున్నారు. కార్నర్ తెచ్చినవాడికి మెచ్చుకోలు సరే, గోల్ కొట్టనివాడికి చోటెందుకో కోచ్ ఫుల్టన్ చెప్పాలి.

ఆ గెలుపు నాటికి రాజ్‌గీర్‌లో 2025 ఆసియా కప్‌కు రెండు నెలలే ఉంది. అది గెలిస్తేనే 2026 ప్రపంచకప్‌కు నేరుగా బెర్తు అన్న పరిస్థితి. జట్టును ప్రకటించే ప్రతిసారీ రెండో ఫ్లికర్ ఎవరో, మూడో ఫ్లికర్ ఎవరో సెలక్టర్లు పేర్లు పెట్టి చెప్పాలి. అదీ చెప్పలేకపోతే, జట్టు ఏడు మ్యాచ్‌లు ఓడుతుంటే ఆ జూన్ నెలంతా మీరు చూసిందేమిటి?