సవరణ: జిర్కోనియం డైబోరైడ్ బలం ఎంత వేడి దాకా?

జిర్కోనియం డైబోరైడ్ అనేది చాలా వేడిని తట్టుకునే సెరామిక్ (పింగాణీ తరహా) పదార్థం. ఒంగోలు ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టు కోసం పెట్టిన పాత పోస్టులో "జిర్కోనియం డైబోరైడ్, సిలికాన్ కార్బైడ్ మిశ్రమం 3,000 డిగ్రీల దాకా 1,000 మెగాపాస్కల్ బలం నిలుపుకుంటుంది" అని ఉంది (మెగాపాస్కల్ అంటే పదార్థం ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో కొలిచే ప్రమాణం). దాన్ని ఇలా చదవండి: "బాగా తయారైన నమూనాకు, గది ఉష్ణోగ్రత దగ్గర, వంపు పరీక్షలో 1,000 మెగాపాస్కల్ దరిదాపుల్లో బలం రావచ్చు."

సుమారు 3,245 డిగ్రీల సెల్సియస్ అనేది శుద్ధ డైబోరైడ్ కరిగే ఉష్ణోగ్రత. సిలికాన్ కార్బైడ్ కలిస్తే సుమారు 2,270 దగ్గరే ద్రవం పుట్టడం మొదలవుతుంది. అయినా కరగకపోవడం వేరు, బరువు మోయడం వేరు. గాలిలో 1,500 డిగ్రీల దగ్గర పరీక్షిస్తే బలం దాదాపు సగానికి పడిపోయిన ఫలితాలున్నాయి. గాలి తగిలి డైబోరైడ్ మీద ఏర్పడే బోరాన్ ఆక్సైడ్ పొర అంత వేడిలో ఆవిరైపోతుంది. సిలికాన్ కార్బైడ్ వల్ల ఏర్పడే గాజు పొర సుమారు 1,600 దాకా కొంత కాపాడుతుంది. అసలు ఆ కార్బైడ్ కలిపేది ముఖ్యంగా ఇందుకే.

ఇంకో సంగతి. చీమకుర్తి గ్రానైట్ పలకలాగే ఇదీ నొక్కితే గట్టిది, వంచితే ఉన్న పగులు దగ్గరే విరుగుతుంది. లోపల సిలికాన్ కార్బైడ్ రేణువులు ఒకచోట చేరిన పెద్ద గుంపు ఒక్కటి చాలు, బలం తగ్గిపోతుంది. మూడు బిందువుల వంపు పరీక్షలో (రెండు ఆధారాల మీద పెట్టి మధ్యలో ఒక్కచోట నొక్కేది) తక్కువ భాగం మీదే గరిష్ఠ ఒత్తిడి పడుతుంది, అక్కడ పగులు ఉండే అవకాశమూ తక్కువ కాబట్టి, నాలుగు బిందువుల పరీక్ష (రెండుచోట్ల నొక్కేది) కన్నా ఎక్కువ అంకె వస్తుంది. రెండింటినీ ఒకే పట్టికలో కలపకండి.

రిపోర్టులో పాత వాక్యం రాసేసినవాళ్లు దయచేసి ఇప్పుడే మార్చండి. ప్రతి అంకె పక్కన పరీక్ష ఉష్ణోగ్రత, గాలిలోనా, పదార్థంతో చర్య జరపని వాయువైన ఆర్గాన్‌లోనా అన్నది తప్పక రాయండి.