కోడ్ రాసిన చేతికి పేరేదీ?

1991 ఆగస్టులో నార్వేలో స్లైప్నర్-ఎ గ్యాస్ ప్లాట్‌ఫారం కాంక్రీటు పునాదిని నీళ్లలోకి దించి పరీక్షిస్తుండగా లోపలి గోడ ఒకటి చిట్లి, మొత్తం కట్టడం సముద్రం పాలైంది. కంప్యూటర్ లెక్క కోసం కట్టడాన్ని మరీ పెద్ద ముక్కలుగా విడగొట్టడంతో గోడ మీద పడే షియర్ ఒత్తిడి (గోడను కోసేలా పక్కకు నెట్టే బలం) దాదాపు 47 శాతం తక్కువగా తేలింది. ఆ లెక్కను నమ్మి గోడలు పల్చగా కట్టారు. ఇలాంటి తప్పు ముందే దొరకాలంటే కాంక్రీటు గుణం తెలియాలి, గణితం ఎక్కడ జారుతుందో తెలియాలి, ప్రోగ్రాం లోపల ఏం జరుగుతోందో కూడా తెలియాలి.

అలాంటి మనుషులను తయారు చేయడానికే కంప్యుటేషనల్ సైన్స్ (సైన్స్ సమస్యలను కంప్యూటర్ లెక్కలతో ఛేదించే రంగం) పీహెచ్‌డీ. కానీ మూడు శాఖల నుంచి తలా రెండు కోర్సులు తెచ్చి కుట్టిన అతుకుల బొంతను కొత్త పీహెచ్‌డీ అనలేం. దాంట్లో చేరిన విద్యార్థి రెంటికీ చెడ్డ రేవడి అవుతాడు. గణితం వాళ్లు నిరూపణ ఏదంటారు, జీవశాస్త్రం వాళ్లు ప్రయోగం ఏదంటారు. ఆ టెన్షన్ అంతా మోసేది విద్యార్థి ఒక్కడే.

అందుకే మొదటి ఏడాదిలోనే రెండు శాఖల నుంచి ఇద్దరు గైడ్లు ఉండాలని, అర్హత పరీక్ష ఇద్దరూ కలిసి పెట్టాలని మేం కోరుతున్నాం. అమెరికా ఇంధన శాఖ ఈ రంగం పీహెచ్‌డీ విద్యార్థుల కోసం 1991లో మొదలుపెట్టిన ఫెలోషిప్‌లో సైన్స్, గణితం, కంప్యూటింగ్ మూడింట్లోనూ కోర్సులు చదవాలి, 12 వారాలు జాతీయ ప్రయోగశాలలో పనిచేయాలి. తన థీసిస్‌తో సంబంధం లేని సమస్య మీద, కొత్త మనుషుల మధ్య గడిపే ఆ మూడు నెలలు ఏ కోర్సూ నేర్పనిది నేర్పుతాయి.

అన్నిటికన్నా ముఖ్యం, కోడ్‌కు గుర్తింపు. 1955లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో ఫెర్మీ, పాస్తా, ఉలామ్ అనే శాస్త్రవేత్తల పేర్లతో వచ్చిన నివేదిక ఈ రంగానికి తొలి అడుగుల్లో ఒకటి. మేనియాక్ కంప్యూటర్ మీద ఆ లెక్కలకు ప్రోగ్రాం రాసిన మేరీ త్సింగౌకు రచయితల్లో చోటు దక్కలేదు, అడుగున ఒక కృతజ్ఞత వాక్యం ఉంది. ఆ నివేదికలోని సమస్యను ముగ్గురి పేర్లతోనే పిలుస్తూ వచ్చారు; దానికి ఆమె పేరు కూడా చేర్చాలన్న మాట గట్టిగా వినిపించడానికి యాభై ఏళ్లు దాటింది. ఇవాళ్టికీ ఏళ్ల తరబడి సాఫ్ట్‌వేర్ రాసిన విద్యార్థిని 'పేపర్లు ఎన్ని?' అనే అడుగుతున్నారు.

థీసిస్‌తో పాటు కోడ్‌నూ సమర్పించాలి. పరీక్షకుల్లో కనీసం ఒకరు దాన్ని స్వయంగా నడిపి, ముక్కల సైజు తగ్గిస్తే జవాబు మారుతోందేమో చూడాలి. అందుకు పట్టే రోజులను విశ్వవిద్యాలయం ఆ పరీక్షకుల పనిగంటల్లో లెక్కించాలి.