రెండు చేతులా, ఒక చెయ్యా?

ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, అమెరికాలో నవంబరు నాలుగో గురువారం, అనగా థాంక్స్‌గివింగ్ నాడు, ఇంట్లో టర్కీ కోడి వేగేలోపు పార్కులో పెద్దమనుషులు టచ్ ఫుట్‌బాల్, అనగా ఎదుటివాణ్ని పడదోయకుండా చేత్తో తాకి ఆపే అమెరికన్ ఫుట్‌బాల్, ఆడుదురు. మసాచుసెట్స్‌లోని హయానిస్ పోర్ట్ పచ్చికలో అధ్యక్షుడు జాన్ కెనడీ కుటుంబం ఆడి దీనికి రాచమర్యాద తెచ్చింది. రాజ్యాంగం మాత్రం పార్కుకొకటి. అంపైరు లేడు; ఆడేవాళ్లందరూ న్యాయమూర్తులే. కొలీగ్స్ పిలిచారని మొదటిసారి వెళ్లే మన ఫ్రిస్కో, ఎడిసన్ వాసులు ఈ కింది చట్టాన్ని కంఠతా పట్టాలి.

జట్టుకు నలుగురి నుంచి ఏడుగురు. సరిహద్దు అంటే విప్పి పడేసిన స్వెట్టర్లు. ఇవి ఆట మధ్యలో వాటంతటవే జరుగుతాయి, ఎప్పుడూ ఓడుతున్న జట్టుకు అనుకూలంగానే.

బంతి చేతికొచ్చిన జట్టుకు నాలుగు ప్రయత్నాలు. వీటిని డౌన్లు అంటారు. అసలు ఆటలో పది గజాలు ముందుకు వెళ్తే మళ్లీ నాలుగు ఇస్తారు. పార్కులో గజాలు కొలిచే గొలుసు ఉండదు కనుక రెండు పాసులు పట్టుకుంటే చాలనో, మైదానం సగం దాటితే చాలనో ముందే ఒప్పందం రాసుకోవాలి. రాసుకోని జట్లు మొదటి పది నిమిషాలూ చర్చల్లోనే గడుపుతాయి. ఒక డౌన్‌లో బంతిని ముందుకు ఒక్కసారే విసరాలి, అదీ ఆ డౌన్ మొదలైన గీత వెనక నుంచే. వెనక్కి ఎన్నిసార్లయినా ఇచ్చుకోవచ్చు. నేలకు తగిలితే ఆ డౌన్ అయిపోయినట్టే. బంతి మీద పడి దొర్లడాలు లేవు.

విసిరేవాడి మీదికి ఉరికే ముందు 'వన్ మిసిసిపీ' మొదలుకొని ఐదు మిసిసిపీలు గట్టిగా లెక్కపెట్టాలి. ఒక్కో మిసిసిపీకి దాదాపు ఒక సెకను పట్టాలని ఆ పొడుగు మాట. మూడో డౌన్‌కల్లా అది 'మిస్పీ' అవుతుంది. కబడ్డీ కూత పెట్టి పెరిగిన మనవాళ్లు ఐదింటినీ ఒకే గుక్కలో మింగేస్తారు. ఇది తొండి కిందికే వస్తుంది.

ఇక అసలు వ్యాజ్యం. బంతితో పరుగు తీసేవాణ్ని ఆపాలంటే రెండు చేతులూ ఒకేసారి, భుజాలకూ మోకాళ్లకూ మధ్య తాకాలి. ఒక చెయ్యి చాలదు. చాలేటట్టయితే దూరం నుంచి వేలికొస చాచినా ఆట ఆగిపోతుంది. రెండు చేతులంటే పక్కకు పరిగెత్తి చేరాల్సిందే. తాకాలి గానీ తొయ్యకూడదు. పరుగులో ఉన్నవాడి వీపు మీద చిన్న తోపు చాలు, మొహం పచ్చికలో ఉంటుంది. "రెండూ తగిలాయి" అని ఇతను, "ఒకటే, అదీ చొక్కాకి" అని అతను. సాక్షులు జట్టుకొక మాట చెబుతారు. తీర్పు ఎప్పుడూ ఒకటే: డౌన్ మళ్లీ ఆడండి. అందుకే ఓడేవాడు వదులు చొక్కా వేసుకొస్తాడు.

పెద్దవాళ్ల బంతి సుమారు 11 అంగుళాల పొడవు, 400 గ్రాముల పైచిలుకు. వేళ్లు చిన్నవైతే పిల్లల సైజు తీసుకోవాలి. పరువుకు పోయి పెద్దది పట్టుకున్నవాడి పాసు గాల్లో వంకర్లు పోతుంది. వేలికొసలు కుట్టు లేసుల మీద ఉండాలి, అరచేతికీ బంతికీ మధ్య కాస్త సందుండాలి. విడిచేటప్పుడు చూపుడువేలు చివర్న వదిలితే బంతి గిరగిర తిరుగుతూ సూటిగా పోతుంది. ఛాతీకి పైన వచ్చే బంతిని బొటనవేళ్లు కలిపి, నడుం కింద వచ్చేదాన్ని చిటికెనవేళ్లు కలిపి పట్టాలి. తారుమారైతే బంతి మొన సరిగ్గా వేలికొసకు తగులుతుంది. ఆ వేలు సాయంత్రానికి వాచి ఉంగరం రాదు, కనుక ఉంగరం ముందే తీసి జేబులో పెట్టుకోవాలి.

వ్యూహాన్ని అరచేతి మీద వేలితో గీస్తారు: ఐదడుగులు వెళ్లి లోపలికి తిరుగు, నువ్వు పదడుగులు వెళ్లి ఆగి వెనక్కి చూడు. కొత్తవాడికి మాత్రం "నువ్వు నేరుగా దూరం పరిగెత్తు" అంటారు. దానర్థం ఈసారి బంతి నీకు రాదని. నలభై దాటినవాడు చలిలో, ఒళ్లు వేడెక్కకుండా ఆ దూరం పరుగు తీస్తే తొడ వెనక కండరం పట్టేస్తుంది. ముందు పది నిమిషాలు మెల్లగా జాగింగ్ చెయ్యాలన్న నియమం ఉంది, పాటించేవాడు కనబడడు.

గోల్‌పోస్టులు లేవు కాబట్టి అదనపు కిక్కు లేకుండానే టచ్‌డౌన్‌కు, అనగా బంతితో ఎదుటి జట్టు చివరి గీత దాటినందుకు, 7 పాయింట్లు ఇచ్చేస్తారు. ఈ లెక్క రాయక్కర్లేదు. ఇంటి నుంచి కోడి వేగిందని ఫోను రాగానే ఓడుతున్న జట్టు "తర్వాతి టచ్‌డౌన్ కొట్టినవాడిదే గెలుపు" అని ప్రకటిస్తుంది. అప్పటికి స్కోరు 42–7 అయినా సరే, ఆకలి మీదున్న గెలిచే జట్టు ఒప్పేసుకుంటుంది.