రాహుకాలానికి నలభై సెకన్ల పొడిగింపు

చెన్నైలో తెలుగువాళ్ల కష్టాలంటే ఇంటి అడ్వాన్సులు, లారీ నీళ్లు, ఆటోవాళ్లతో బేరాలు అని అందరూ రాస్తూనే ఉన్నారు. వాటన్నిటినీ మించిన ప్రమాదం ఒకటి చప్పుడు లేకుండా మన ఇళ్లల్లోకి వచ్చి కూర్చుంది. సరిగ్గా చెప్పాలంటే చప్పుడుతోనే వచ్చింది, కాకపోతే కాస్త ఆలస్యంగా. అదే ఇంటర్నెట్ రేడియో. దీని పుణ్యమా అని ఇంట్లో టైమెంతయిందో ఎవరికీ తెలియకుండా పోతోంది. ఫోన్లో గడియారం ఉంది కదా అనేవాళ్లు ఉంటారు. రేడియోలో మనిషి గొంతు టైము చెబితే దానికుండే విలువ వాళ్లకేం తెలుసు?

ఈ ఊరికి రేడియో కొత్తేమీ కాదు. 1924లోనే ఇక్కడ మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ అని పెట్టి ప్రసారాలు మొదలుపెట్టారు. 1927 కల్లా డబ్బుల్లేక చేతులెత్తేశారు. గాలిలోకి వదిలిన పాటకు గల్లాపెట్టె ఉండదని అప్పుడే తెలిసొచ్చిందన్నమాట. తర్వాత ఆ బరువును కార్పొరేషన్ నెత్తికెత్తుకుంది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం వచ్చింది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం పెట్టేదాకా కోస్తా జిల్లాలవాళ్లు తెలుగు ముక్క వినాలంటే మద్రాసు వైపే చెవులు రిక్కించేవాళ్లు. ఇప్పుడు మద్రాసులో ఉన్న మనం విజయవాడ వైపు రిక్కిస్తున్నాం. బదులు తీర్చుకోవడమంటే ఇదే కాబోలు. దేశంలో తొలి ఎఫ్ఎం ప్రసారం కూడా ఈ ఊళ్లోనే, 1977 జులై 23న. ఇంత ఘనచరిత్ర ఉన్నచోట ఇవాళ ఓ పెద్దాయన పొద్దున్నే భక్తిరంజని వినాలంటే ముందు యాప్ అప్‌డేట్ చేసుకోవాలి.

ఆ పెద్దాయన మా బాబాయి. పెరంబూరులో కోచ్ ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు. మనవరాలు ఫోన్లో ఒక యాప్ వేసిచ్చింది. విజయవాడ, విశాఖ, కడప, హైదరాబాదు, ఏది కావాలంటే అది, గరగర లేకుండా. "పక్కింట్లో కూచుని మాట్లాడుతున్నట్టుందిరా" అని మురిసిపోయాడు. అది ఆ సోమవారం రానంతవరకే.

ఆరోజు ఒక స్థలానికి బయానా ఇవ్వడానికి బయల్దేరాలి. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది. తొమ్మిదైతే గానీ గడప దాటకూడదు. (అసలు రాహుకాలం సూర్యోదయాన్ని బట్టి రోజూ కాస్త మారుతుందని తెలిసినవాళ్లు అంటారు. అలాంటివాళ్లను బాబాయి గుమ్మం ఎక్కనివ్వడు.) హాల్లో పాత ట్రాన్సిస్టరు చెన్నై స్టేషన్లో తొమ్మిదయిందని చెప్పేసింది. బాబాయి కుడికాలు గడప అవతల పెట్టాడు. వంటింట్లో ఆయన ఫోను ఇంకా ఎనిమిది యాభై తొమ్మిదిలో ఉంది, ఏదో ఎరువుల ప్రకటన నడుస్తోంది. "ఏమండీ, ఆగండాగండి!" అని పిన్ని కేక. కాలు వెనక్కి రాలేదు, ముందుకు పోలేదు. కాసేపటికి ఆ ఫోను కూడా తొమ్మిది కొట్టింది. అమ్మయ్య అనుకునేలోపు, అదే విజయవాడ పెట్టుకున్న పిన్ని ఫోన్లో ఇంకా ఎరువుల ప్రకటనే. కింద ఆటో హారన్ మోగుతోంది. ఏ స్టేషన్లో, ఏ ఫోన్లో తొమ్మిదయితే రాహుకాలం దాటినట్టో పంచాంగకర్తలు ఎక్కడా రాయలేదు. పండితులు వచ్చే ఉగాదికైనా ఈ విషయం తేల్చాలని నా మనవి.

ఇందులో రాహువు తప్పేమీ లేదు. టవర్ నుంచి బయల్దేరిన తరంగం వెలుతురంత వేగంగా ట్రాన్సిస్టరును చేరుతుంది. ఇంటర్నెట్లో అదే గొంతును ముక్కలుగా కోసి సర్వర్లో పెడతారు. ఫోను వాటిని కొన్ని ముందుగా పోగేసుకుని, ధైర్యం చిక్కాక ఒక్కోటీ వదులుతుంది. అలా పది సెకన్ల నుంచి ఒక్కోసారి నిమిషం దాకా వెనకబడుతుంది. ఏ ఫోను ఎప్పుడు కనెక్టయిందన్న దాన్ని బట్టి ఒకే ఇంట్లో, ఒకే స్టేషన్‌కి రెండు టైములు. చెపాక్‌లో వికెట్ పడినా అంతే, ట్రాన్సిస్టరున్న పైఇంటాయన కేకేస్తే మన ఫోన్లో బౌలరు ఇంకా పరిగెత్తుకొస్తూ ఉంటాడు.

ఇంకో తమాషా ఉంది. టవర్‌ది దండోరా పద్ధతి. ఒక్కసారి అరిస్తే ఊరంతా వింటుంది, పదిమంది విన్నా పది లక్షలమంది విన్నా ఖర్చు అంతే. ఇంటర్నెట్ రేడియో ఎవరి చెవిలో వాళ్లకు విడివిడిగా చెప్పుకోవాలి. వినేవాళ్లు పెరిగేకొద్దీ సర్వర్ బిల్లు పెరుగుతుంది. ఎవరూ వినకపోతే లాభపడే రేడియోను మానవజాతి మొదటిసారి కనిపెట్టింది.

1980ల దాకా ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టాలి. అది లేకుండా వినడం నేరం. ఆ లైసెన్సును జనం ఎంత తిట్టుకున్నారో చెప్పనక్కర్లేదు. ఇప్పుడు నెలనెలా మనమే రీచార్జి చేసుకుంటున్నాం, పైగా లొకేషన్ చెప్పమంటే చెబుతున్నాం, ఇంకేదో అడిగితే చదవకుండా 'అలౌ' నొక్కుతున్నాం. పాత రేడియోకి మనం వింటున్నామో నిద్రపోయామో కూడా తెలిసేది కాదు. కొత్తది మనం ఏ పాట మధ్యలో కట్టేశామో కూడా రాసిపెట్టుకోగలదు.

ఇది చదివి ట్రాన్సిస్టరు వర్గంవారు సంబరపడనక్కర్లేదు. వాళ్ల సంగతీ నాకు తెలుసు. చీకటి పడితే చాలు, మీడియం వేవ్‌లో విజయవాడ 837 కిలోహెర్ట్జ్ మద్రాసులో బ్రహ్మాండంగా తగులుతుందంటారు. రాత్రిపూట పై వాతావరణంలోని పొర తరంగాలను కిందికి తిప్పి పంపుతుంది కాబట్టి తగలడం నిజమే. బ్రహ్మాండంగా అన్నదే అబద్ధం. సెట్టును కిటికీ ఊచలకు ఆనించి, రాగితీగను బట్టలారేసే తాడుకు చుట్టి, మనిషి కదలకుండా ఒంటికాలి మీద నిలబడితే "ముఖ్యమంత్రి ఈరోజు..." అని వినిపిస్తుంది. తర్వాత గరగర. ఆ వెనక ఎక్కడిదో తమిళ ప్రసంగం. మళ్లీ "...అని ఆయన స్పష్టం చేశారు." ఏం స్పష్టం చేశారో మనమే ఊహించుకోవాలి. ఆ తరానికి రాజకీయ విశ్లేషణ అంత బాగా ఎలా అబ్బిందో ఇప్పుడర్థమైందనుకుంటా.

ఇప్పుడా మాత్రం కూడా వినపడటం లేదు. ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, అడాప్టర్లు అన్నీ మీడియం వేవ్‌లో చికాకు పుట్టిస్తాయి. వార్తల టైముకు మెయిన్ ఆఫ్ చేసి ఇంటిల్లిపాదినీ చీకట్లో కూర్చోబెట్టేవాళ్లను నేనెరుగుదును. ఇంటర్నెట్ రేడియో తెచ్చిపెట్టే వైఫై డబ్బా ఉంది చూశారూ, దాని అడాప్టరే పక్కనున్న ట్రాన్సిస్టరు గొంతు నొక్కుతుంది. వారసత్వపు తగాదాలు ఇంతకంటే నేరుగా ఉండవు.

2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుపాను ఈ ఊరిని ముంచినప్పుడు చాలాచోట్ల కరెంటు, ఫోన్ సిగ్నల్ రెండూ పోయాయి. ప్రపంచంలోని స్టేషన్లన్నీ చేతిలో పెట్టుకుని ఒక్కటీ వినలేని స్థితి. అప్పుడు అపార్టుమెంటు మొత్తం మా బాబాయి వరండాలో తేలింది. సెక్రటరీ స్వయంగా స్టూలు తెచ్చుకుని వచ్చాడు. ఎవరో ఫ్లాస్కుతో కాఫీ, ఎవరో పిల్లాడి బొమ్మకారులోంచి ఊడబీకిన సెల్లులు. ప్రైవేటు ఎఫ్ఎంలు సొంతంగా వార్తలు చదవకూడదన్న నిబంధన ఉంది కాబట్టి ఆకాశవాణి తమిళ వార్తలే దిక్కు. తమిళం రానివాళ్లకు బాబాయి తెలుగు చేసి, కొంత తన సొంత వాతావరణ సూచన కూడా కలిపి చెప్పేవాడు. కరెంటొచ్చిన నిమిషానికి వరండా ఖాళీ. ఒకాయన మాత్రం వెనక్కొచ్చాడు, తన సెల్లులు తీసుకుపోవడానికి.

విపత్తుల్లో పనికొస్తుంది, ఫోన్లలో ఎఫ్ఎం రేడియో తీసెయ్యకండని కేంద్ర ప్రభుత్వం అదే ఏడాది ఫోన్ కంపెనీలకు సలహా ఇచ్చింది. మంచిదే. ఫోన్లో ఎఫ్ఎం పలకాలంటే వైరున్న ఇయర్‌ఫోను యాంటెన్నాగా గుచ్చాలి. గుచ్చడానికి చాలా కొత్త ఫోన్లలో ఆ బెజ్జమే లేదు.

దాంతో బాబాయి కొత్త రేడియోయే కొందామని నన్ను వెంటబెట్టుకుని రిచీ స్ట్రీట్‌కి వచ్చాడు. కొట్టతను మన తెలుగువాడే. చెక్కపెట్టె, గుండ్రటి బిరడాలు, పసుపు దీపం వెనకనుంచి వెలిగే అంకెల పలక, ఎర్రటి ముల్లు. బాబాయి కళ్లజోడు తుడుచుకుని బిరడా తిప్పాడు. సౌండు పెరిగింది గానీ ముల్లు కదల్లేదు.

"ముల్లు తిరగదేంటయ్యా?"

"అది డిజైన్ సార్, అచ్చేసిందే. ఇది బ్లూటూత్ స్పీకరు. మీ ఫోన్లో ఏది పెడితే అది పాడుతుంది."

"మరి టైము?"

"ఏ టైము సార్?"

బాబాయి నా వైపు చూశాడు, పెట్టె వైపు చూశాడు, ధర అడిగాడు, రెండొందలు తగ్గించాడు. డబ్బులు లెక్కపెడుతూ గొంతు తగ్గించి, "ఆ ముల్లును కాస్త గీకేసి 837 దగ్గర అతికించి ఇవ్వగలవా?" అన్నాడు.