ముందు రిపేరు, తర్వాతే విస్తరణ: బ్యాక్టీరియాకు తెలిసిన లెక్క

డీఎన్ఏ ఆకారాన్ని కనిపెట్టినందుకు 1962లో నోబెల్ ఇచ్చారు. అదే డీఎన్ఏ పాడైతే కణం దాన్ని ఎలా బాగుచేసుకుంటుందో చెప్పినవాళ్లకు నోబెల్ రావడానికి 2015 దాకా పట్టింది. మధ్యలో 53 ఏళ్లు. టోమస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సాన్‌కార్ ముగ్గురూ ఆ బహుమతికి పునాది వేసుకున్నది మాత్రం బ్యాక్టీరియా ఎంజైముల మీదే. ఇంత ఆలస్యం ఊరికే జరిగిందని నేను అనుకోను. కట్టినవాడి పేరు శిలాఫలకం మీద ఉంటుంది. కారుతున్న కప్పెక్కి సరిచేసినవాడి పేరు ఎవరూ అడగరు. సైన్సుకూ ఈ జబ్బు ఉంది.

డబుల్ హెలిక్స్ అనే ఆ మెలితిరిగిన జంట పోగుల ఆకారాన్ని కనిపెట్టిన ఇద్దరిలో ఒకడైన ఫ్రాన్సిస్ క్రిక్ ఈ మాట 1974లో తనే ఒప్పుకున్నాడు. రిపేరు చేసే ఎంజైములు ఉండొచ్చన్న ఊహే తమకు రాలేదన్నాడు. డీఎన్ఏ చాలా గట్టిదని అప్పట్లో అందరి నమ్మకం. లిండాల్ లెక్క వేసి చూస్తే, ఎండా రేడియేషనూ అక్కర్లేకుండానే, ఒంట్లోని నీరూ వేడీ కలిసి ఒక్కో మనిషి కణంలో రోజుకు దాదాపు 10,000 చోట్ల డీఎన్ఏ అక్షరాలను ఊడగొడుతున్నాయని తేలింది. మరి మనం ఎలా బతికి ఉన్నాం? ఎవరో వెనక నుంచి సరిచేస్తూ ఉండాలి. అలాంటి మేస్త్రీల్లో ఒకదాన్ని, సైటోసిన్ అనే డీఎన్ఏ అక్షరం చెడిపోయి యురాసిల్‌గా మారితే దాన్ని పీకిపారేసే ఎంజైమును, ఆయన 1974లో ఈ.కోలి బ్యాక్టీరియాలో పట్టుకున్నాడు.

నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం మోడ్రిచ్ చూపించిన యంత్రాంగం. డీఎన్ఏను కాపీ చేస్తున్నప్పుడు ఒక అక్షరం తప్పు పడిందనుకోండి. ఇప్పుడు రెండు పోగుల మీదా ఎదురెదురుగా జత కుదరని అక్షరాలున్నాయి. వాటిలో అసలు ఏది, తప్పు ఏది? రెండూ మామూలు డీఎన్ఏ అక్షరాలే, ముఖం చూసి చెప్పలేం. పొరపాటున అసలును దిద్దితే తప్పే శాశ్వతమైపోతుంది. ఈ.కోలి దీనికో ఉపాయం పెట్టుకుంది. పాత పోగు మీద జీఏటీసీ అన్న వరుస వచ్చిన చోటల్లా మిథైల్ అనే చిన్న రసాయన ముద్ర ఉంటుంది. కొత్త పోగుకు ఆ ముద్ర కాస్త ఆలస్యంగా పడుతుంది. ముద్ర లేనిదే కాపీ! ఆ కొద్ది వ్యవధిలోనే పని కావాలి. మ్యూట్ఎస్ అనే ప్రోటీన్ తప్పును పట్టుకుంటుంది, మ్యూట్ఎల్ కబురు అందిస్తుంది, మ్యూట్‌హెచ్ ముద్ర లేని పోగును కోస్తుంది. ఒక్క అక్షరం కోసం వందల అక్షరాలు చెరిపేసి, పాత పోగును చూసుకుంటూ మళ్లీ రాస్తారు. 1989లో మోడ్రిచ్ బృందం ఈ ప్రోటీన్లన్నిటినీ విడివిడిగా శుద్ధి చేసి, గాజు గొట్టంలో కలిపి, అక్కడా రిపేరు జరిగేలా చేసి చూపించింది.

ఆపద ముదిరినప్పుడు అదే బ్యాక్టీరియా ఏం చేస్తుందో చూడండి. డీఎన్ఏ మరీ దెబ్బతింటే రెక్ఏ అనే ప్రోటీన్ పసిగడుతుంది. దాని ప్రోద్బలంతో లెక్స్ఏ అనే కాపలాదారు తనను తానే కోసుకుని పక్కకు తప్పుకుంటుంది. దాంతో అప్పటిదాకా అణిగి ఉన్న 40కి పైగా జన్యువులు మేలుకుంటాయి. దీని పేరు ఎస్ఓఎస్. ముందు తప్పుల్లేకుండా రిపేరు చేసేవి రంగంలోకి దిగుతాయి. అతుకుల బొంతలా ఎలాగోలా పని కానిచ్చేవి ఆఖర్న వస్తాయి. ఈ గొడవ తేలేదాకా కణం రెండుగా చీలకుండా ఇంకో ప్రోటీన్ అడ్డుపడుతుంది. అనుకూలిస్తే 20 నిమిషాలకోసారి రెట్టింపయ్యే ప్రాణి అది. పెరగడమే దాని బతుకు. అలాంటిది కూడా ఇల్లు బాగుచేసుకునేదాకా పెరుగుదల వాయిదా వేసుకుంటోంది.

బ్యాక్టీరియా లెక్క మనిషికి వర్తించదని కొందరంటారు. అందులో కొంత నిజముంది. ఎండకు చెడిన డీఎన్ఏను కత్తిరించడానికి ఈ.కోలి వాడే మూడు ప్రోటీన్లకూ, మనలో ఆ పని చేసే పెద్ద బృందానికీ చుట్టరికం లేదు. వెలుతురుతోనే రిపేరు చేసే ఫోటోలయేజ్ అనే ఎంజైము మనకు అసలే లేదు. అయితే 1993లో, వంశపారంపర్యంగా పెద్దపేగు క్యాన్సర్ తెచ్చే లించ్ సిండ్రోమ్ వెనక దొరికిన తొలి జన్యువు పేరు ఎమ్ఎస్‌హెచ్2. అందులోని ఎమ్ఎస్ అంటే మ్యూట్ఎస్సే! ఈ రిపేరు చెడిన కణితులకు, శరీరంలో ఎక్కడ పుట్టినా సరే, ఒకే మందు వాడొచ్చని 2017లో అమెరికాలో మందులను ఆమోదించే సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. వర్తించదనేవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలి.

నా అసలు కోపం వేరేచోట ఉంది. కొత్తది మొదలుపెడతామంటే నిధులు పరుగెత్తుకుంటూ వస్తాయి. ఉన్నది చూసుకుంటామంటే ఆ ఫైలు కదలదు. ఇటలీలోని జెనోవాలో 1967లో ఘనంగా తెరిచిన మొరాండి వంతెన 2018లో కూలి 43 మంది చనిపోయారు. లోపల తీగలు తుప్పు పట్టడం కొత్త సంగతేం కాదు, ఏళ్ల తరబడి అనుమానాలు ఉన్నవే. ఇంటర్నెట్‌లో సగం తాళాలు ఆధారపడిన ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌ను వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది, చాలీచాలని విరాళాలతో చూసుకుంటున్నారని 2014లో అందులో పెద్ద లోపం బయటపడ్డాకే లోకానికి తెలిసింది. దాని మీద వేల కోట్ల వ్యాపారాలు కట్టినవాళ్లలో ఎంతమందికి అంతకుముందు ఆ పేరైనా తెలుసు?

జన్యుశాస్త్రవేత్త ఈవిలిన్ విట్కిన్ సంగతీ ఇందులోదే. 1944 వేసవిలో, అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో, 23 ఏళ్ల విద్యార్థినిగా ఆమె ఈ.కోలి మీద అతినీలలోహిత కిరణాలు వేసింది. మోతాదు ఎక్కువైంది. దాదాపు అన్నీ చచ్చిపోయాయి, నాలుగు కాలనీలు మిగిలాయి. ఇంకొకరైతే ప్రయోగం పాడైందని పళ్లెం కడిగేసేవారేమో. ఈ నాలుగూ ఎందుకు బతికాయని ఆమె అడిగింది. ఎస్ఓఎస్‌ను లోకానికి వివరించినవాళ్లలో ఆమె ముందువరసలో నిలిచింది ఆ ప్రశ్నను వదలకపోవడం వల్లే. 2015లో, వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ అవార్డు వచ్చేసరికి ఆమెకు 94 ఏళ్లు. అదే ఏడాది డీఎన్ఏ రిపేరుకు ఇచ్చిన నోబెల్ జాబితాలో ఆమె పేరు లేదు.